బానెట్ మీద ఏడు పోగులు

కరూ మెట్టల్లో, ఆబర్డీన్ ఊరి చివర
రేకుల షెడ్డు కింద ఆగింది వాలియంట్.
నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దది.
రేడియేటర్ ఇంకా బుసకొడుతోంది.

"రబ్బరెందుకు? పాత బండి, ఊపిరాడనీ,"
అన్నాడు సారెల్, పైపు నోట్లోంచి తీయకుండానే.
"వెనక సందు వదిలేస్తే
వేడి దాని దారిన అదే పోతుంది."

కత్రీనా ప్లాట్కీస్ మారుమాట్లాడలేదు.
ఆమె మాట్లాడట్లేదంటే ఏదో వెతుకుతోందని
పనిలో చేరిన నాలుగు నెలల్లో నేర్చుకున్నాను.
సొరుగులోంచి మేకబొచ్చు పోగులు తీసింది,
మా ఊళ్ళో దేనికి కరువున్నా దానికి లేదు.
నాలుగు బానెట్ నడుమ,
మూడు అద్దం పక్క అంచున,
టేపు ముక్కలతో అంటించి
"పోనీ" అంది.

గ్రాఫ్-రైనెట్ రోడ్డు మీద ముల్లు వంద దాటాక
నడిమి నాలుగూ మా వైపు తలలు వాల్చి
బుద్ధిగా పడుకున్నాయి.
చివరి మూడు మాత్రం
కాసేపు వణికి, లేచి, తడబడి,
వెనక్కి తిరిగి
ఎలుకతోకల్లా సందులోకి దూరిపోయాయి.

సారెల్ కాలు దానంతటదే పెడల్ మీంచి లేచింది.

"అద్దం మొదట్లో గాలి ఇరుక్కుంటుంది,
ఎటూ పోలేనిది సందు చూస్తే ఊరుకుంటుందా?
నువ్వు వేడికి తెరిచిపెట్టిన తలుపులోంచి
గాలి లోపలికొస్తోంది, సారెల్.
ఊళ్ళో మెల్లగా తోలినప్పుడేమో
ఇంజను పొగ ఆ సందులోంచే పైకొచ్చి
పక్కనే ఉన్న జల్లెడలోంచి నీ ఒళ్ళోకి దిగుతుంది."

వంతెన దాకా ఎవరూ మాట్లాడలేదు.
అక్కడ బండి ఆపి, ఆరిన పైపు వెలిగించబోయి మానేసి అన్నాడు:
"డోరెట్ ఈ కారెక్కి పదకొండేళ్ళు.
తలనొప్పి, వాసన అనేది.
నీ ముక్కే అంత అన్నాను."

మర్నాడు పని నాకు అప్పజెప్పింది.
పాత జిగురు గీకి, స్పిరిట్‌తో తుడిచి,
కొత్త రబ్బరు అంచు మీద పరుస్తుంటే
చివర వేలెడు తక్కువైంది. లాగాను.
చేతి మీద ఒక్కటి వేసింది.
"సాగదీసి అంటిస్తే ఈ రోజు సరిపోతుంది.
చలికాలానికి ముడుచుకుని మూలలు వదిలేస్తుంది.
ఇంకో ముక్క కొయ్యి."

రబ్బరుకి సుద్ద రాసి బానెట్ మూసి తెరిచాం.
ఎడమ పక్క తెల్లగా అచ్చు పడింది,
కుడి మూల నల్లగా, ఏమీ తెలియనట్టు.
అతుకు కింద వాషరొకటి తీసేసి మళ్ళీ మూసి,
రేషన్ కాగితం చింపి ఇరికించి లాగాను,
చినిగింది గానీ రాలేదు.

ముందు పక్క, రేడియేటర్ నెత్తిన కూడా
స్పాంజి పట్టీ పెట్టమంది.
గాలంత సోమరి ఇంకొకడు లేడట,
పైనుంచి దారుంటే
ఆ సన్న రెక్కల మధ్య ఎందుకు నలుగుతుంది?
ఉన్న దారి ఒక్కటే చెయ్యి, చచ్చినట్టు పనిచేస్తుంది.

శనివారం డోరెట్ వచ్చింది.
టోపీ తీయలేదు, నవ్వలేదు.
సారెల్ రెండో గేరులో చర్చి వీధంతా తిప్పుకొచ్చాడు,
కోడిగుడ్ల బండి తోలినట్టు.
దిగి, తలుపు నెమ్మదిగా వేసింది.
"పెట్రోలు వాసన లేదు."
సారెల్ మొహం ఇంతైంది.
"ఇప్పుడు నీ పైపు వాసన తెలుస్తోంది."

దానికి మా దగ్గర రబ్బరు లేదంది కత్రీనా,
చేతులు తుడుచుకుంటూ.
బిల్లు నన్నే రాయమంది.
పోగులకి ఎంత వెయ్యాలో తెలియక
ఆ గడి ఖాళీగా వదిలేశాను.