కింది ఇంటి వేడి

డండీలో అక్టోబరు పదకొండు.
కిటికీ అద్దం లోపలివైపు చెమర్చింది.
బాయిలర్ మీటకేసి చూశాను, అదీ నాకేసి చూసింది.
ఇంకో స్వెటర్ తొడుక్కున్నాను.

నిజం చెప్పొద్దూ,
తొమ్మిదేళ్లుగా ముందు వెలిగించింది నేను కాదు.
కింద పెట్రీ గారికి చలంటే గిట్టదు.
సెప్టెంబరు దాటకుండానే ఆయన గొట్టాలు టకటకమనేవి,
నా వంటగది నేల పిల్లి పొట్టలా వెచ్చబడేది.
బిల్లు ఆయనది, పాదాలు నావి.
ఎన్నడూ థాంక్స్ చెప్పలేదు.
ఏమని చెప్తాం?

ఈసారి నేల గమ్మునుంది.
వారం చూశాను. చెవి ఆనించి విన్నాను కూడా.
రేడియో మాట్లాడుతోంది, గొట్టాలు మాట్లాడ్డం లేదు.

చివరికి దిగి తలుపు తట్టాను.
ఓవర్‌కోటు, ఉన్ని టోపీ, ఒళ్లో వేడినీళ్ల సంచి.
"నవంబరు దాకా ఆగుదామని, ఇష్‌బెల్," అన్నాడు,
బస్సు సంగతి చెప్తున్నట్టు.
బల్లమీద గ్యాస్ బిల్లు,
దానిమీద కళ్లజోడు బోర్లించి ఉంది.

పైకొచ్చి మీట తిప్పాను.
నా వేడి ఆయన్ని చేరదని తెలుసు.
అది ఎక్కడమే గాని దిగడం ఎరగదు,
మూడో అంతస్తు కుర్రాళ్ల పాలు.

రెండో కుర్చీని రేడియేటర్ పక్కకి జరిపి
మళ్లీ మెట్లు దిగుతున్నాను.
బార్లీ సూప్ ఎక్కువైపోయిందనాలి.
సగం మెట్లయ్యాయి,
అబద్ధం ఇంకా నోటికి కుదర్లేదు.