ఇంజను మారే వేళ

సింహాచలం దాటగానే ఫోను చేస్తాను:
"ఎస్ ఫోర్. నడిమధ్య కిటికీ."
ఈ నెలలో ఇది మూడోసారి,
మా ఊరి మీదుగా, ఇంటికి రాకుండానే పోవడం.

విశాఖలో బండికి ఇంజను మారుస్తారు.
ఆ ఇరవై నిమిషాలే నా కాపురం.

హైమ ఫ్లాస్కు మూత తిప్పి
ఐసు ముక్కల్లో ఇన్సులిన్ పెన్ను చూపిస్తుంది.
"పోయినసారిలా బరంపురం లాడ్జిలో వదిలేశావో..."
బెంచీ మీదే వేలు గుచ్చుతుంది.
రెండువందల నలభై.
"మళ్లీ పూరీలేనా?"
నేను ఇంజను కలిపే కళాసీల వైపు చూస్తాను.

చిన్నది నా చెయ్యి లాక్కుని
నుదుటిమీద పెట్టుకుంటుంది.
"జ్వరం ఉంది కదా నాన్నా?"
లేదు. నిన్ననే తగ్గిపోయింది.
రేపటి సెలవు చీటీకి నా సాక్ష్యం కావాలి దానికి.
"కొంచెం ఉన్నట్టుంది" అంటాను.
హైమ చూసిన చూపుకి ఏ షాపులోనూ మందు దొరకదు.

ఈల.
మెంతికూర వాసనేసే డబ్బా ఒళ్లో పడుతుంది.
బండి వచ్చిన దారినే వెనక్కి కదులుతుంది.

"ఇటు రండి సార్,
వెనక్కి చూస్తూ కూర్చుంటే తల తిప్పుతుంది"
ఎదుటి సీటాయన జరుగుతాడు.

వస్తున్నప్పుడు ఊరివైపే చూసిన సీటు ఇది.
పోతున్నప్పుడూ అటే చూస్తోంది.

"మర్రిపాలెం దాటనివ్వండి" అంటాను.