మిగిలిన కోటు

వూచ్ నగరపు నాటకశాలలో
కోట్లు దాచే కిటికీ నాది.
నవంబరు వచ్చిందంటే తడి ఉన్ని వాసన,
ఒక్కో కోటుకీ ఒక ఇత్తడి బిళ్ళ.
కొందరు బిళ్ళని అంచు పట్టుకుని అందుకుంటారు,
నా వేళ్ళు తగలకుండా.
అంటుకునేది కాదండీ అని మొదట్లో చెప్పేదాన్ని.
పదకొండేళ్ళయింది. ఇప్పుడు చెప్పను.

మా యూనిఫాం నలుపు.
విరామం గంట మోగేలోపు
భుజాల మీది పొలుసులు దులుపుకోవడం
జీతం లేని నా రెండో ఉద్యోగం.

ఇప్పుడు నాకూ ఒక నంబరిచ్చారు.
సున్నా నాలుగు ఒకటి ఏడు.
రోజుకో మాత్ర, పరగడుపున.
అందులో మందుందో ఒట్టి పిండే ఉందో
నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదు,
తెలిసిన కంప్యూటరు ఏ ఊళ్ళో ఉందో అదీ తెలీదు.
ఇరవై రెండు పేజీల మీద సంతకాలు పెట్టాను.
పదిహేడో పేజీలో తలనొప్పి, వికారం, నీళ్ళ విరేచనాలు,
చివర్న "ఇంకా తెలియనివి".
ఆ ఒక్క మాటనే నమ్మాను.

రెండు వారాలకోసారి ట్రామెక్కి వెళ్తాను.
నర్సు బ్రొనిస్వావా అట్ట తిప్పి
పెదవులు కదుపుతూ మిగిలిన మాత్రలు లెక్కపెడుతుంది.
"రెండెక్కువున్నాయి, లుద్వికా గారూ."
తమ్ముడి పెళ్ళిలో రెండు రోజులు
ఏ నంబరూ కాకుండా ఉండాలనిపించింది.
దానికి ఆ ఫారంలో గడి లేదు.
"మరిచారు" అని రాసుకుంది.

దురద ఎంత, సున్నా నుంచి పది లోపు?
ఆరు అంటాను.
దుప్పటి మీది నెత్తురు చుక్కల్ని
ఏ అంకెలో కలపాలో అడగను.

తొమ్మిదో వారం మోచేతి దగ్గర
ఒక మచ్చ పలచబడింది,
ఉతికాక టీ మరక చుట్టూ మిగిలే గీతలా.
చటుక్కున చొక్కా చెయ్యి దించేశాను.
నేను చూశానని దానికి తెలిస్తే
తిరిగొచ్చేస్తుందేమో!

బల్ల మీద నా పక్కన వీటోల్డ్,
ఇళ్ళకి పైకప్పులు వేసే మనిషి.
మోకాళ్ళు చూపించాడు, ఎర్రగా, అలాగే.
"నీకు మందు పడింది, నాకు పిండి.
పోనీలే, పిండి కూడా ఎవరో ఒకరు మింగాలిగా
లెక్క తేలాలంటే."
ఆపిల్ కోసి సగం ఇచ్చాడు,
నేరుగా నా అరచేతిలో పెట్టి.
నాకు ఏం అనాలో తోచక
గింజలతో సహా తినేశాను.

నిన్న రాత్రి ఒకాయన బిళ్ళ పోగొట్టుకున్నాడు.
మా రూలు ఒక్కటే:
అందరూ వెళ్ళిపోయాక కొక్కానికి మిగిలిందే మీది.
అంతవరకూ ఆగాలి.
ఆయన విసుక్కోలేదు. బల్లకి మోచేతులానించాడు.
ఒక్కో కోటూ తలుపు దాటి మంచులోకి పోతోంది.
నేనూ చేతులు దాచుకోకుండా
బల్ల మీదే ఉంచి నిలబడ్డాను.