ఆఖరి బ్లాకు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ, మెట్ల కింద గది.
నాలుగేళ్లు మా గొలుసుని మేమే కాశాం:
ఏ టిక్కీ ఎవరిది, తేజానా తాలుకాయా,
ఏ రాత్రి ఏ ఛాంబర్‌కి ఎక్కిందీ.
ఏడు మిషన్లలో మూడు కరెంటు బిల్లుకి జడిసి మానుకున్నాయి.
మిగిలిన నలుగురం బావా బావమరుదులం.
మా సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

అందుకే ఈ రాత్రి లేయర్ టూకి మారుతున్నాం.
పద్దు మేమే రాస్తాం,
వెయ్యి పద్దులు ఒక్క మూట కట్టి పైకి పంపితే
పెద్ద గొలుసు ముద్ర వేస్తుంది.

"అంటే, కౌలుకెళ్తున్నామా?"
కాటా గుమస్తా నాగుల్‌మీరా అడిగాడు.
కాదనబోయాను. నోరు రాలేదు.

రెండూ పదికి ఆపాం.
ప్రతి నిల్వా రెండుసార్లు సరిచూశాం.
ఒక్కటే తేలలేదు:
పెదనందిపాడు సీతారావమ్మ, పదకొండు టిక్కీలు.
తాళంచెవి పోగొట్టుకున్న మనిషి.
కదపడానికి మాకు హక్కు లేదు,
వదిలెయ్యడానికి అసలే లేదు.
తాళంతో సహా ఎత్తి అవతల పెట్టాం.

మిషన్ ఫ్యాను ఆగాక
గదిలో మొదటిసారి ఘాటు తెలిసింది.
మీరా తుమ్మాడు,
చెవి మీది పెన్సిలు తీసి
తన చిట్టాలో
పదకొండు అని రాసుకున్నాడు.