సున్నపు గీత

ఫిజికల్ ఎడ్యుకేషన్ ఆఫీసు బీరువా తెరిస్తే
ముందు చెదల వాసన,
తర్వాత యాభై నాలుగో సంవత్సరం.

నల్ల సిరా, గుండ్రటి చేతిరాత.
"మైదానం చదును. కూలీలు పందొమ్మిది మంది.
రాళ్ళు ఎత్తిన బండ్లు రెండువందల ఆరు.
తుమ్మమొద్దులు వేలం వేయడమైనది."
ఎవరు పాడుకున్నారో ఆ మూల చిరిగిపోయింది.

ఇదంతా కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు నన్ను.
పేరు, కాలేజీ, పోటీ, సమయం.
నాలుగే గళ్ళు.

స్వర్ణోత్సవాల పుస్తకం పక్కనే ఉంది,
నున్నటి కాగితం,
వరసగా వైస్ ఛాన్సలర్ల ఫోటోలు, శాలువాలు.
మొగిలప్ప అందులో లేడు.
జీతాల పట్టీలో ఉన్నాడు, వేలిముద్రగా:
మార్కరు, దినకూలీ.

కొండదారి లైట్లు ఆరకముందే వచ్చేవాడట,
మేకుకు కొబ్బరితాడు కట్టి,
డాల్డా డబ్బాకు చిల్లులు పొడిచి,
వంగినవాడు వంగినట్టే
చుట్టంతా తెల్లగా పోసేవాడట.

"గంగజాతరలో మా నాయన
సున్నపుకుండల వేషం కట్టేటోడు సార్,
ఆ చుక్కలు కడుక్కోకుండానే
పొద్దున్నే గ్రౌండుకు పోయేటోడు.
అదీ సున్నమే, ఇదీ సున్నమే అంటా ఉన్నె"
అన్నాడు గేటు దగ్గర వాళ్ళబ్బాయి.
ఇప్పుడతను సెక్యూరిటీ, ఔట్‌సోర్సింగు.

డెబ్భై ఎనిమిది, ఫిబ్రవరి.
ఎనిమిదివందల మీటర్లు, మహిళలు.
ఎం. అమ్ములు, పలమనేరు.
రెండు నిమిషాల ఇరవైతొమ్మిది సెకన్లు.
పక్కన పెన్సిలుతో: బూట్లు లేవు, ఎండ మెండు.

పెన్సిలుకు గడి లేదు.

కింద ఇంకో చేయి, ఎర్ర సిరా,
లెక్కల లెక్చరరు ఎవరో:
"ఆ ఉదయం తాడు తెగినది.
మార్కరు తన పంచె అంచు చించి ముడివేసినాడు.
తాడు ఒక అడుగు పెరిగినది గనుక
ప్రతి చుట్టూ ఆరడుగులు అధికము."
రెండు చుట్లకు పన్నెండు.

మరుసటేడు కొత్త తాడు తెచ్చారు.
అమ్ములు రికార్డు పోయింది,
సెకనులో అయిదో వంతు తేడాతో.
ఆమె మళ్ళీ ఏ పేజీలోనూ కనిపించలేదు.
వెతికాను, ఎనభై మూడు దాకా.

పన్నెండు అడుగులంటే ఎంత?
ఈ గదిలో కిటికీ నుంచి బీరువా దాకా.
లేచి నడిచి చూశాను.
ఆరు అంగలు కూడా పట్టలేదు,
నేను చెప్పులు వేసుకున్నాను, నీడలో ఉన్నాను.

సమయం గడిలో కర్సరు
ఆరుతూ వెలుగుతూ నిలబడి ఉంది.

బయట కానిస్టేబులు సెలెక్షన్ల పిల్లలు,
దుమ్ములో రౌండ్లు కొడుతున్నారు.
ఒకమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని
రొప్పుతూ అడిగింది:
"సార్, ఒక రౌండు కరెక్టుగా ఎంతుంటాది?"

నాలుగొందలమ్మా, అన్నాను.

తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు
నాలిక చివర చురుక్కుమంది.