మూడో ట్యాంకు

రిబ్బను కత్తిరించి ఇంకా డెబ్బై రోజులు కాలేదు.
ఆ కత్తెర సొరుగులోనే ఉంది,
హాప్స్ సంచుల మూతులు కోయడానికి వాడుతున్నాం.

వైదోతాస్ వెళ్ళిపోయాడు.
మంగళవారం. కేకల్లేవు, తలుపు ధడాలుమనలేదు.
రబ్బరు బూట్లు కడిగి బోర్లించి
తాళాల గుత్తిని మాల్ట్ తూచే పళ్ళెంలో పెట్టాడు.
నూట పద్ధెనిమిది గ్రాములు.
ముల్లు కాసేపు ఊగి ఆగింది.

బిర్జాయ్ చిన్న ఊరు, కబురుకి కాళ్ళెక్కువ.
జీతం చాలలేదట, అంది రొట్టెల కొట్టామె.
యజమానితో పడలేదట, అన్నాడు పోస్టుమాన్.
విల్నియస్‌లో ఎవరో ఎగరేసుకుపోయారట,
అన్నారు గడ్డకట్టిన చెరువు మీద
బొక్క చేసుకుని, అందులోకే చూస్తూ కూర్చున్నవాళ్ళు.
నన్నూ అడిగారు.
నేను ట్యాంకులు కడిగేదాన్ని,
అంతకుముందు ఇరవై రెండేళ్ళు జున్ను ఫ్యాక్టరీలో
ఉక్కు తోమినదాన్ని.
ఉక్కు గురించి అడగండి, చెబుతాను.

స్కిర్మాంతాస్ మంచివాడే.
పాడుబడ్డ అవిసెనార మిల్లు కొన్నాడు,
ఇల్లు బ్యాంకుకి రాసిచ్చాడు,
గోడ మీద తన పేరు కాకుండా ఊరి పేరు రాయించాడు.
వైదోతాసూ మంచివాడే.
ఒకరిది నెలాఖరు తొందర,
ఒకరిది ఇరవై ఒక్క రోజుల ఓపిక.
"పద్నాలుగు రోజులకి తీసెయ్యలేమా?"
అన్నది ఒకసారి మెట్ల మీంచి వినబడింది.
జవాబు వినబడలేదు.
దిగి చూస్తే, అతను ట్యాంకుకి అరచెయ్యి ఆనించి ఉన్నాడు
జ్వరం చూసే మనిషిలా.

ఇప్పుడు ఈ మూడో దాంట్లో
అతను తొమ్మిదో రోజున వదిలేసిన బీరుంది.
దానికెవరూ చెప్పలేదు.
గొట్టం కొస మునిగిన బకెట్ నీళ్ళలో
బుడుంగ్, బుడుంగ్ అంటూ
ఎవరు దగ్గరికొచ్చినా అతనే అనుకుంటోంది.

లాగ్ పుస్తకంలో తొమ్మిదో రోజు దాకా అతని రాత,
ఏడు అంకెకి నడుమున బెల్టు.
పదో రోజు నుంచి నాది:
"పద్ధెనిమిది డిగ్రీలు. వాసన బాగుంది. తర్వాతేంటి?"
ఎవర్ని అడిగానో నాకే తెలీదు.

వెళ్ళే ముందు ఫ్రిజ్ తెరిచి చూపించాడు:
దోసకాయలు ఊరబెట్టే గాజు సీసాలో
బూడిదరంగు ముద్ద, అడుసులా.
వాళ్ళ నాయనమ్మ ఇంటి ఈస్ట్.
సైనికులొచ్చిన ఏడాది
గుడ్డలో మూటగట్టి బావిలోకి దింపి కాపాడిందట.
"నీది కదా, పట్టుకెళ్ళు" అన్నాను.
"సగం తీసుకున్నా" అన్నాడు.

తోడుకి ఆ సుఖముంది.
సగం పంచినా రెండు చోట్లా నిండుగానే ఉంటుంది.
మనిషిని అలా పంచడానికి
ఎంత పెద్ద సీసా తెచ్చినా కుదరదు.
పాల ఫ్యాక్టరీలో నేర్చుకున్నదొకటే:
తోడు పెట్టిన చెయ్యి పక్కన లేకపోయినా
పాలు తోడుకోవడం మానవు.
అది ధైర్యమో, ఎగతాళో
ఆ రోజు తేల్చుకోలేదు.

పద్నాలుగో రోజు స్కిర్మాంతాస్ దిగొచ్చాడు,
చేతిలో బ్యాంకు కవరు.
వాల్వు వైపు చూశాడు. నా వైపు చూశాడు.
కవరు చంకలో పెట్టుకుని
ట్యాంకుకి అరచెయ్యి ఆనించాడు.
ఎంతసేపో.
"చల్లగా ఉందేంటి?" అన్నాడు.
"లోపలే వెచ్చగా ఉంటుంది" అన్నాను.
మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత బుడగకీ బుడగకీ మధ్య ఎడం పెరిగింది.
ఒక రాత్రి నలభై దాకా లెక్కపెట్టాను,
రాలేదు.

ఇరవై ఒకటో రోజు కుళాయి తిప్పాం.
రాగి రంగు, ఎండుగడ్డి వాసన,
చివర్లో నాలిక మీద చిన్న పొగ.
పోస్టుమాన్ మీసానికి నురగ అంటించుకుని అడిగాడు,
"కొత్తాయన వచ్చాడా?"
"లేదు. పాతాయనే,
ఇవాళే చేరాడు" అన్నాను.
అర్థం కాక ఇంకో గ్లాసు పట్టమన్నాడు.

శనివారానికల్లా ట్యాంకు ఖాళీ.
లోపల నురగ గీసిన గోధుమరంగు గీత,
తోమితే పోతుంది, ఉక్కు దేన్నీ దాచుకోదు.
వేడినీళ్ళు తిప్పాను.
నా బూట్లకి చిల్లి పడింది, అతనివి వేసుకున్నాను.
రెండు సైజులు పెద్దవి.
మేజోళ్ళు రెండు జతలు తొడగాల్సొచ్చింది.