కొసరు

స్వాన్సీ బజారులో నలభై ఏళ్లు
సముద్రపు గుల్లలు తూచిన చెయ్యి గ్విలిమ్‌ది.
ముల్లు నిలిచాక కూడా
పొట్లంలోకి ఇంకో గుప్పెడు విదిలించేది.

ఇప్పుడు కొసరు అడగడం అతని వంతు.
రాత్రి పదకొండు దాటాక, కిటికీని వాన కొడుతుంటే
ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో
పాత రికార్డింగులు చవగ్గా వెతుకుతాడు.

ఏ ట్రాకైనా డెబ్బై తొమ్మిది పెన్నీలే అక్కడ,
మూడు నిమిషాలదైనా, ముప్పై నిమిషాలదైనా.
అమ్మేవాడికి తూకం తెలీదని
మొదటి రోజే పసిగట్టాడు.

అందుకే పొడుగువే కొంటాడు.
అదే సింఫనీని ఎవడు తాపీగా నడిపించాడో చూసి
"వీడి దగ్గర నాలుగు నిమిషాలు లాభం" అని గొణుగుతాడు.
"సంగీతమా, గుల్లలా?" అంటుంది మార్గెడ్
అల్లికలోంచి తలెత్తకుండా.

ఒకసారి గంటకు పైన సాగే ఆర్గన్ ముక్క దొరికింది.
నచ్చలేదు.
డబ్బు పెట్టాడు గనక చివరిదాకా విన్నాడు,
రెండుసార్లు.

మొన్న మంగళవారం ఏమైందో
చిన్న పియానో ముక్క ఒకటి కొన్నాడు.
నలభై సెకన్లు.
సెకనుకి రెండు పెన్నీలు!
ఇంత ఖరీదైన సరుకు
జన్మలో ముట్టలేదు.

మార్గెడ్ సూదులు ఆగాయి.
మళ్లీ పెట్టమంది.
మళ్లీ.

ఆఖరి స్వరం ఆరిపోయాక
వాయించినామె, ఎవరో, ఏనాటిదో,
పెడల్ మీంచి కాలు తీసిన చప్పుడు,
కుర్చీ కిర్రుమనడం,
ఒక చిన్న ఊపిరి

ముల్లు నిలిచాక పడ్డ గుప్పెడు.